‘సీడెడ్’ దత్తం ఎట్లా అయింది?

మా బడిలో పదో తరగతికి తెలుగు చెబుతున్నాను. కర్నూలు జిల్లాలో వానను నమ్ముకుని పైరు పెట్టే పల్లెల పిల్లలే అక్కడ ఎక్కువ. ఒక రోజు పాఠం మధ్యలో ఒక కుర్రవాడు లేచి, “సార్, సీడెడ్ అంటే ఏంది? సీడు అంటే విత్తనం గదా, విత్తనాలేసే జిల్లాలనా?” అని అడిగాడు. వాడు చూసింది దినపత్రికలో సినిమా పుట. ఏదో కొత్త సినిమా నైజాంలో ఇంత, సీడెడ్‌లో ఇంత, ఆంధ్రలో ఇంత వసూలు చేసిందని అందులో అచ్చయింది. నంద్యాల చుట్టుపట్ల విత్తనాల కంపెనీల బోర్డులు చూస్తూ పెరిగిన పిల్లవాడికి ఆ అర్థం తట్టడం సహజమే.

తెలియని మాటను తెలిసిన మాటతో ముడిపెట్టి అర్థం చెప్పుకోవడాన్ని భాషాశాస్త్రంలో జానపద నిరుక్తి అంటారు. పండితులు దాన్ని చూసి నవ్వుతారు. నేనూ నవ్వాను. నవ్వి, నల్లబల్ల మీద జవాబు రాశాను: ‘సీడెడ్ అంటే దత్తమండలాలు. 1800లో హైదరాబాదు నిజాము మన జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చాడు. అందువల్ల ఆ పేరు వచ్చింది.’ పరీక్షకు సరిపోయే జవాబే. కాని వెనక బెంచీ నుంచి ఒక ఆడపిల్ల అడిగింది: “దత్తు పోతే ఆస్తి వస్తాది గదా సార్? మరి మనకేమొచ్చింది?”

తరగతి అంతా నవ్వింది. ఈసారి నేను నవ్వలేకపోయాను. కుర్రవాడు అడిగింది మాట పుట్టుక గురించి. ఆ అమ్మాయి అడిగింది అనువాదం గురించి. మొదటి ప్రశ్నకు నిఘంటువు జవాబు చెబుతుంది. రెండో ప్రశ్నకు చెప్పదు. ఇన్నేళ్లుగా తెలుగు బోధిస్తూ, సీమ కథల మీద అడపాదడపా వ్యాసాలు రాస్తూ, ‘దత్తమండలాలు’ అనే మాటను నేను ఎంతో తేలిగ్గా వాడుకుంటూ వచ్చాను. ఒక్కసారి కూడా దాన్ని అనుమానించలేదు. ఆ అనుమానం ఇప్పుడు కలిగింది. ఇది నా ఒక్కడి పొరపాటే అయితే రాయవలసిన పని లేదు. మన రచనలోనూ విమర్శలోనూ ఇది పాతుకుపోయిన అలవాటు అని నా అభిప్రాయం. అందుకే ఈ వ్యాసం.

ముందు మాట పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. ఈ ‘సీడ్’కు విత్తనంతో ఏ సంబంధమూ లేదు. పలకడంలో రెండూ ఒకటే, రాయడంలో వేరు. ఇది లాటిన్‌లోని ‘కేడెరె’ అనే క్రియ నుంచి, ఫ్రెంచి భాష మీదుగా, పదిహేడో శతాబ్దిలో ఇంగ్లీషులోకి వచ్చింది. లాటిన్‌లో దాని మొదటి అర్థం ‘నడుచు, వెళ్లు’. అందులోంచి ‘పక్కకు తొలగు, దారి ఇచ్చు’ అనే అర్థం వచ్చింది. ఆ తర్వాత ‘లొంగు, వదులుకొను’ అనే అర్థాలు వచ్చాయి.

ఈ క్రియ సంతానం మనకు కొత్తది కాదు. మా ఉపాధ్యాయులకు బదిలీల కాలంలో అందే ‘ప్రొసీడింగ్స్’ ఈ ఇంటిదే. ముందుకు నడవడం దాని మూలార్థం. తండ్రి పోయాక కొడుకులు కోర్టు చుట్టూ తిరిగి తెచ్చుకునే ‘సక్సెషన్’ సర్టిఫికెట్టూ ఈ ఇంటిదే. వెనకనే రావడం దాని అర్థం. మన పిల్లల నోట నిత్యం ఆడే ‘సక్సెస్’ దానికి తోబుట్టువు. వ్యాపారం వెనక్కు పోతే వచ్చే ‘రిసెషన్’, మనకంటే ముందు నడిచిపోయిన ‘యాన్సెస్టర్’ కూడా ఆ కుటుంబమే. వీటన్నిటిలో ఎక్కడో ఒక నడక ఉంది, నడిచేవాడు ఉన్నాడు. ‘సీడ్’లో కూడా మొదట ఉన్నాడు. ఒకడు పక్కకు తొలగుతాడు, వాడు నిలబడిన చోటు ఇంకొకడికి పోతుంది. రాజుల ఒప్పందాల్లోకి ఎక్కిన తర్వాత ఆ మాటలో తొలగినవాడు మరుగునపడి, చేతులు మారిన నేల మాత్రమే మిగిలింది.

రోమను న్యాయశాస్త్రంలో ఈ క్రియ నుంచి పుట్టిన పారిభాషిక పదాలు రెండున్నాయి. వాటిని తెలుసుకోవడం మనకు అవసరం. మొదటిది ‘ఇన్ యూరె కెస్సియో’. ఒక వస్తువును ఒకరి నుంచి ఇంకొకరికి మార్చడానికి అదొక పద్ధతి. పుచ్చుకునేవాడు న్యాయాధికారి ముందు నిలబడి ‘ఇది నాది’ అంటాడు. అసలు యజమాని ఎదురు చెప్పడు. అధికారి ఆ వస్తువును అడిగినవాడిదని తీర్పు చెబుతాడు. బానిసలు కూడా ఈ విధంగా చేతులు మారేవారు. మారుతున్న బానిసను ఎవరూ ఏమీ అడగరు. రెండోది ‘కెస్సియో బోనోరుం’. అప్పు తీర్చలేనివాడు తన ఆస్తినంతా అప్పులవాళ్లకు వదిలేసి శిక్ష తప్పించుకోవడం. ఈ రెండూ మనసులో పెట్టుకుని మన జిల్లాల సంగతికి వద్దాం.

1800 సంవత్సరం అక్టోబరు 12న నిజాం అలీ ఖానుకూ ఈస్టిండియా కంపెనీకీ ఒప్పందం కుదిరింది. అప్పుడు గవర్నర్ జనరల్ వెల్లస్లీ. సైన్య సహకార పద్ధతి అని మనం చరిత్ర పాఠాల్లో చదువుకున్న ఏర్పాటు కింద నిజాము తన రాజ్యంలో కంపెనీ సైన్యాన్ని నిలుపుకోవాలి, దాని ఖర్చు తాను భరించాలి. ఏటేటా సొమ్ము చెల్లించడానికి బదులు భూభాగాన్నే శాశ్వతంగా వదులుకున్నాడు. వదులుకున్నది ఏది? టిప్పు సుల్తాను ఓడినందువల్ల 1792లోనూ, టిప్పు చనిపోయిన తర్వాత 1799లోనూ మైసూరు రాజ్యం నుంచి తన వంతుకు వచ్చిన భాగం. బళ్లారి, కడప, ఈనాటి అనంతపురం, కర్నూలు జిల్లాలో కొంత భాగం అందులో ఉన్నాయి. కొన్ని తాలూకాల మీద ఆయన పెత్తనం ఎనిమిదేళ్లు, కొన్నిటి మీద ఒక ఏడాది. తన చేతిలో సరిగా ఇమడని నేలను తన బాకీ కింద జమకట్టాడు. రోమను న్యాయవేత్తలు చూసి ఉంటే దీన్ని తేలిగ్గా గుర్తుపట్టేవారు.

ఇంగ్లీషువాళ్లు ఈ జిల్లాలకు ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ అని పేరు పెట్టారు. ఉత్తరాదిన కూడా వాళ్లు ఇట్లాంటి పేరే పెట్టారు. 1801లో అయోధ్య నవాబు వదులుకున్న ప్రాంతాన్నీ, ఆ తర్వాత యుద్ధంలో గెలుచుకున్న ప్రాంతాన్నీ కలిపి ‘సీడెడ్ అండ్ కాంకర్డ్ ప్రావిన్సెస్’ అన్నారు. వదిలినవి, గెలిచినవి. దొరల లెక్క దొరలకు ఉంది. పుస్తకంలో ఏ పద్దు కింద జమ అయిందో అదే ఆ నేలకు పేరు. అక్కడి మట్టి ఎట్లాంటిది, ఏ ఏరు పారుతుంది, ఎవరు దున్నుతారు అన్నవి ఆ పేరులో లేవు.

మన పల్లెల పేర్లను దీని పక్కన పెట్టి చూడండి. ఎర్రగుంట్ల, చింతకొమ్మదిన్నె, బేతంచెర్ల. గుంట, దిన్నె, చెరువు. నీళ్లు ఎక్కడ నిలిచాయి, నేల ఎక్కడ ఎత్తుగా ఉంది అని చూసి బతికిన మనుషులు పెట్టుకున్న పేర్లు ఇవి. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊర్ల పేర్ల మీద పరిశోధన చేసి ‘కడప ఊర్ల పేర్లు’ ప్రచురించారు. కథకుడిగా ఆయనను చదివినంతగా ఆ పుస్తకాన్ని మనం చదవలేదు. కథలు రాసే యువకులు దాన్ని తప్పక చదవాలి. పేరు అనేది జనం తమ పరిసరాల మీద చేసిన తొలి వ్యాఖ్యానం. పాలకులు పెట్టిన పేరు ఆస్తి మీద వేసిన ముద్ర.

ఇంతవరకు ఇంగ్లీషు మాట సంగతి. అసలు చిక్కు దాన్ని మనం తెలుగు చేసుకోవడంలో ఉంది. ‘సీడెడ్’ను ‘దత్త’ అన్నాం. ‘దా’ ధాతువుకు క్త ప్రత్యయం చేరితే ‘దత్త’. ఇవ్వబడినది అని అర్థం. దానం, దాత, దత్తత, దత్తపుత్రుడు అన్నీ దాని బంధువులే. ‘సీడ్’ మూలంలో ఉన్నది తొలగడం, లొంగడం, గత్యంతరం లేక వదులుకోవడం. ‘దత్త’ మూలంలో ఉన్నది ఇవ్వడం. ఇచ్చేవాడు ఇష్టపడి ఇస్తాడు, వాడికి పుణ్యం వస్తుంది, పుచ్చుకున్నవాడు కృతజ్ఞుడై ఉంటాడు. ఇంగ్లీషు మాటలో కనీసం ఒక ఓటమి వాసన ఉంది. తెలుగు మాటలో అది కూడా పోయింది. కంపెనీకి లొంగిన నవాబు తెలుగులోకి వచ్చేసరికి దాత అయ్యాడు.

‘దత్త’ శబ్దానికి భూమితో ఉన్న సంబంధం పాతది. రాజులు అగ్రహారాలనూ దేవుడి మాన్యాలనూ ధారపోసిన శాసనాల్లో ఆ శబ్దం తరచుగా వస్తుంది. తాను ఇచ్చిన భూమినిగాని ఇతరులిచ్చిన భూమినిగాని లాక్కున్నవాడికి ఏ పాపం చుట్టుకుంటుందో ఆ శాసనాల చివర శాపశ్లోకాలు చెబుతాయి. ఇచ్చిన రాజు పేరుంటుంది, పుచ్చుకున్నవాడి గోత్రం ఉంటుంది, ఎల్లలుంటాయి. దున్నేవాళ్ల పేర్లు సాధారణంగా ఉండవు. ‘దత్తమండలాలు’ అన్నప్పుడు మన పండితుల భాష ఈ శాసనాల భాషే. నేల చేతులు మారడాన్ని దానంగా చూడటం భూస్వామ్య యుగపు అలవాటు. కంపెనీ వర్తకాన్ని మనం ఆ అలవాటుతోనే తెలుగు చేశాం. కనుకనే మా విద్యార్థిని ప్రశ్న అంత సూటిగా తగిలింది. దత్తు పోయినవాడికి కొత్త ఇంట్లో వాటా ఉంటుంది. మన జిల్లాలు ఏ ఇంటికీ వారసులుగా పోలేదు, బాకీ కింద పోయాయి.

ఈ పేరు చేసిన ఇంకొక పని చూడండి. కర్నూలు నవాబు సంస్థానం 1800లో కంపెనీ చేతికి రాలేదు. నిజాముకు కట్టే పేష్కషు కంపెనీకి మళ్లింది, అంతే. నవాబు తన గద్దె మీదే ఉన్నాడు. 1839లో కంపెనీ ఆయుధాలు దాచాడన్న నేరం మోపి సైన్యాన్ని పంపి, నవాబు గులాం రసూల్ ఖానును బందీ చేసి కర్నూలును కలుపుకుంది. 1858లో కడప, బళ్లారి జిల్లాల నుంచి కొన్ని తాలూకాలు చేర్చి కర్నూలు జిల్లాను ఏర్పాటు చేశారు. అంటే కర్నూలు పట్టణం ‘ఇచ్చింది’ కాదు, పట్టుకున్నది. అయినా అది కూడా ‘దత్త’ జాబితాలో కలిసిపోయింది. ఒక తప్పుడు పేరు ఒకసారి నిలబడితే, దాని కింద చేరినవన్నీ అదే రంగు పూసుకుంటాయి.

పోనీ, వచ్చిన నేలలో మనుషులు ‘ఇవ్వబడ్డారా’? మన్రో 1800లో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. ఆయన ఎదుట సుమారు ఎనభై మంది పాలెగాళ్లు ఉన్నారు. వాళ్లను అణచడానికి సైన్యం కావలసి వచ్చింది. పత్తికొండ ప్రాంతంలోని తెర్నేకల్లు 1801లో కంపెనీ సేనను ఎదిరించింది. శిస్తు గొడవలోంచి పుట్టిన తిరుగుబాటు అది. అప్పటికి ఒప్పందం మీద సిరా ఆరి ఏడాది. అటు తర్వాత కోవెలకుంట్ల ప్రాంతంలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు. 1847లో ఆయనను ఉరితీశారు. పాలెగాళ్లను అందరినీ ప్రజా వీరులుగా చేయడం నా ఉద్దేశం కాదు. రైతును పీడించిన పాలెగాళ్లు చాలామంది ఉన్నారు. మన్రో రైతుల శిస్తును నాలుగో వంతు తగ్గించమని పై అధికారులకు సిఫారసు చేశాడన్న సంగతీ మరవకూడదు. నేను చెప్పేది ఒక్కటే. ‘దత్త’ అనే మాట ప్రకారం ఈ నేల మౌనంగా చేతులు మారింది. చరిత్ర ప్రకారం మారలేదు.

1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ సందర్భంగా కడప కోటిరెడ్డి అధ్యక్షతన ఈ జిల్లాల ప్రతినిధులు సమావేశమయ్యారు. ‘దత్తమండలాలు’ అనే పేరు మనకు అవమానకరం, దీన్ని వదిలి ‘రాయలసీమ’ అందాం అని అక్కడ ప్రతిపాదించినవారు చిలుకూరి నారాయణరావు. ఆయన పుట్టింది కళింగాంధ్రలో, అధ్యాపకుడుగా ఉన్నది అనంతపురం కళాశాలలో. ఆ కళాశాల మొదటి పేరే ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజి’. 1937లో ‘ఆంధ్రభాషా చరిత్రము’ వెలువరించిన భాషావేత్త ఆయన. మాటకు ఎంత బలం ఉంటుందో తెలిసినవాడే మాటను మార్చమన్నాడు.

‘రాయలసీమ’లో కూడా ఉన్నది రాజులే గదా, రైతు ఎక్కడ అని అభ్యుదయ వాదులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. విజయనగర వైభవాన్ని తలచుకుని వర్తమాన దారిద్ర్యాన్ని మరిచే ధోరణి మన కవుల్లో కొందరికి ఉండేది, ఇంకా ఉంది. కాని రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ఈ పేరు ఎవరో పెట్టగా మోసింది కాదు. తాము సమావేశమై, తాము చర్చించి, తాము పెట్టుకున్నది. రెండోది, జనం దాన్ని తమకు కావలసినట్టు దిద్దుకున్నారు. కర్నూలులోగాని కడపలోగాని మామూలు మాటల్లో ఎవరూ పూర్తిగా ‘రాయలసీమ’ అనరు, ‘సీమ’ అంటారు. రాయలు రాలిపోయారు, సీమ మిగిలింది. ‘గండికోట సీమ’ అంటూ శాసనాల్లో ఒక పాలనా విభాగానికి ఉన్న మాట ఇవాళ ఒక జనసముదాయం తనను తాను పిలుచుకునే మాట అయింది. 1800 నాటి ఒప్పందంలో ఈ నేల ప్రజలు లేరు. 1937 నవంబరు 16న మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక జరిగినప్పుడు సీమ ప్రతినిధులు ఎదురుగా కూర్చున్నారు. నీళ్ల విషయంలో తమకు ముందు చోటు కావాలని రాయించుకున్నారు. నడుమ జరిగింది ఆ పేరు మార్పు. పేరు మార్చినందువల్లనే ఇదంతా జరిగిందని అనను. ‘ఇవ్వబడిన’వాళ్లకు షరతులు ఉండవు, తమకు తాము పేరు పెట్టుకున్నవాళ్లు షరతులు పెట్టగలరు.

ఇంత జరిగినా ‘సీడెడ్’ పోలేదు. పాఠ్యపుస్తకం వదిలినా సినిమా వ్యాపారం దాన్ని వదలలేదు. చిత్రపంపిణీ లెక్కల్లో నైజాం, సీడెడ్ ఇప్పటికీ పక్కపక్కనే ఉంటాయి. వదులుకున్నవాడి పేరు, వదిలిన నేల పేరు. 1800 నాటి ఒప్పందపు ఇద్దరు గుర్తులూ ఇవాళ వసూళ్ల పట్టికలో నిలిచి ఉన్నాయి. వర్తకుడి దృష్టిలో ఆ పేరే సరైనది కాబోలు. కంపెనీకి ఇది శిస్తు వచ్చే మడి, పంపిణీదారుకు టిక్కెట్టు డబ్బు వచ్చే మడి. ‘సీడెడ్ హక్కులు ఇన్ని కోట్లకు అమ్ముడుపోయాయి’ అని చదివినప్పుడు అందులో మనుషులు ఉన్నారని ఎవరికి తోస్తుంది? ‘సమరసింహారెడ్డి’ 1999లో వచ్చిన తర్వాత సీమ మనిషిని కత్తి పట్టిన ముఠాకోరుగా చూపే సినిమాలు వరసగా వచ్చాయి. ఆ బొమ్మను సీమకే అమ్మారు. మనవాళ్లే కొన్నారు, ఈలలు వేశారు. నేనూ చూశాను, కాదనను.

ఇక సాహిత్యంలోకి వస్తాను. తెలుగు వాక్యం స్వభావం ఏమిటి? ‘పులిచేత మేక చంపబడింది’ అని మన ఇళ్లలో ఎవరూ అనరు. ‘మేకను పులి చంపింది’ అంటారు. కర్మణి ప్రయోగం మన నోటికి సహజం కాదు, పుస్తకాల్లో వచ్చి చేరింది. తెలుగు వాక్యం ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్నను తప్పించుకోదు. కాని సీమ గురించి రాసేటప్పుడు మన వాక్యం తరచుగా ఆ ప్రశ్నను దాటేస్తుంది. కరువు వచ్చింది, ఊరు ఖాళీ అయింది, నేల బీడు పడింది, జనం వలస పోయారు. వాన పడకపోవడం ప్రకృతి పని కావచ్చు. చెరువు పూడిక తీయకపోవడం, కాలువ తవ్వకపోవడం, బ్యాంకు దగ్గరికి వెళ్లవలసిన రైతు వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లడం ప్రకృతి పనులు కావు. వాటికి కర్తలున్నారు. కర్తను చెప్పని కథ ఎంత కన్నీరు పెట్టించినా దానిది ‘దత్త’ దృష్టే. అది పాఠకుడి చేత జాలిని దానం చేయిస్తుంది.

మంచి రచయితలు ఈ వల నుంచి ఎట్లా బయటపడ్డారో వాళ్ల కథల పేర్లే చెబుతాయి. కేతు విశ్వనాథరెడ్డి మొదటి సంపుటి 1974 నాటి ‘జప్తు’. ఆ మాటలో లాక్కునేవాడు స్పష్టంగా ఉన్నాడు. రైతుకు ఆ మాట నిఘంటువులో వెతకవలసిన పని లేదు. వాకిట్లోకి వచ్చినవాణ్ని చూసి నేర్చుకున్నాడు. 1839లో కర్నూలుకు జరిగింది జప్తు అంటే మా పిల్లలకు వెంటనే తెలుస్తుంది. ఆయనదే ‘నమ్ముకున్న నేల’. ఎవరో ఇచ్చిన నేల కాదు, ఎవరో వదిలిన నేల కాదు. నమ్ముకున్నవాడు ఆ సమాసంలోనే ఉన్నాడు. వేరుశనగ సేద్యం మీద సింగమనేని నారాయణ రాసిన ‘జూదం’లో ఓడిపోయే రైతు కూడా ఊరికే ఉన్నవాడు కాదు, పందెం కాసినవాడు. వానా బజారూ కలిసి ఆడించే ఆటలో ఉన్నాడు. విద్వాన్ విశ్వం 1956లో ‘పెన్నేటి పాట’ వెలువరించినప్పుడు గతవైభవం దగ్గర ఆగిపోకుండా ఒక పేద దంపతుల బతుకును కావ్యవస్తువు చేశారు. ఆ కావ్యం నిలిచింది అందుకే.

బండి నారాయణస్వామి 2017 నాటి నవల ‘శప్తభూమి’ పేరు మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. దత్త, శప్త – రెండూ క్త ప్రత్యయం చేరిన మాటలే. ఒకటి ఇవ్వబడింది, ఒకటి శపించబడింది. దానశాసనాల్లో దత్తమూ శాపమూ ఒకే రాతి మీద ఉంటాయని పైన చెప్పాను. నవల విలువను పేరుతో కొలవడం తప్పు. ఒప్పందానికి ముందటి పద్దెనిమిదో శతాబ్దపు సీమను అంత విస్తారంగా నవలలోకి తెచ్చినందుకు ఆ రచయితకు మనం రుణపడి ఉన్నాం. 2019 సాహిత్య అకాడమీ పురస్కారం దానికి తగినదే. అయినా మనవంటి విమర్శకులు ఆ పేరును ఎత్తుకుని, ‘సీమ శప్తభూమి’ అని ప్రతి వ్యాసంలో వాడుకుంటే, శపించినవాడెవడు అన్న ప్రశ్న మళ్లీ మరుగున పడుతుంది. హెచ్చరిక రచయితకు కాదు, మనకు.

నన్ను నేను మినహాయించుకోను. కొన్నేళ్ల కిందట నందికొట్కూరు ప్రాంతంలో ఒక సభలో మాట్లాడాను. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు, 1980 దశకం మొదట్లో, కృష్ణా తుంగభద్రల ఒడ్డు పల్లెలు ఎన్నో మునిగాయి. ఎండాకాలంలో నీళ్లు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి ఇప్పటికీ పైకి తేలి కనిపిస్తుంది. ఆ ఊళ్లవాళ్లను ఉద్దేశించి, ‘రాష్ట్రం కోసం ఊళ్లను త్యాగం చేసిన త్యాగధనులు’ అన్నాను. చప్పట్లు కూడా పడ్డాయి. సభ అయిన తర్వాత ఒక ముంపు ఊరి పెద్దాయన నా దగ్గరికి వచ్చి, “త్యాగమెక్కడిది నాయనా, నీళ్లొచ్చె, లేసొస్తిమి” అన్నాడు. కోపంగా అనలేదు, తప్పు దిద్దినట్టు అన్నాడు.

ఆ మాట విలువ నాకు అప్పుడు తెలియలేదు. లాటిన్ క్రియ మూలార్థం చూసినప్పుడు తెలిసింది. తొలగిపోవడం, చోటు వదిలి లేచి రావడం. ‘సీడ్’కు సరైన తెలుగు ఎం.ఏ. చదివిన నాకు తోచలేదు, ఆ పెద్దాయన నోటికి వచ్చింది. మనం ‘దత్త’ అన్నాం, ‘త్యాగం’ అన్నాం. 1953 నుంచి 1956 దాకా రాజధానిగా ఉండి దాన్ని పోగొట్టుకున్న కర్నూలు గురించీ ‘రాజధానిని త్యాగం చేసింది’ అనే అంటాం. లొంగవలసి రావడాన్ని దానమని, పోగొట్టుకోవడాన్ని త్యాగమని అనువదించడం మనకు అలవాటయింది. ఈ అనువాదం వల్ల నష్టపోయినవాడికి ఏమి మిగులుతుంది? పొగడ్త మిగులుతుంది. త్యాగం చేసినవాడు తిరిగి అడగకూడదు, అడిగితే త్యాగం చెడుతుంది. లాక్కోబడ్డవాడు అడగవచ్చు. పునరావాసం అడగవచ్చు, నీళ్లు అడగవచ్చు. మాటలో తేడా చివరికి హక్కులో తేడా అవుతుంది.

కడపవాడైన రాచమల్లు రామచంద్రారెడ్డి ‘అనువాద సమస్యలు’ అని ఒక పుస్తకమే రాశారు. అకాడమీ పురస్కారం ఆయన పోయిన తర్వాత దానికే వచ్చింది. దాన్ని మనం అనువాదకులకు సంబంధించిన గ్రంథమని పక్కన పెట్టాం. నిజానికి ఒక ప్రాంత చరిత్రను తెలుగులో చెప్పడమంతా అనువాద సమస్యే. సర్కారు భాషలో ఉన్న సంఘటనను జనం భాషలోకి తెచ్చేటప్పుడు ఎవరి పక్షాన నిలబడి మాటను ఎన్నుకుంటాం అన్నదే ఆ సమస్య.

ఒక ఆక్షేపణకు జవాబు చెప్పి ముగిస్తాను. మాట అర్థాన్ని నిర్ణయించేది వాడుక, దాని మూలం కాదు గదా అంటారు. ఒప్పుకుంటాను. మూలార్థమే నిజమైన అర్థమని వాదించడం ఛాందసం. ఇవాళ ‘సీడెడ్’ అనే పంపిణీదారు మనసులో నిజామూ లేడు, వెల్లస్లీ లేడు. ఆ మాట వాడినవాళ్లందరినీ నిందించాలని నేను అనడం లేదు. వ్యుత్పత్తి తీర్పు చెప్పదు, సాక్ష్యం చెబుతుంది. ఎక్కడ అర్థం జారిందో, ఎవరి ప్రయోజనం కోసం జారిందో చూపిస్తుంది. రచయిత ఆ సాక్ష్యాన్ని వినాలి. విని, తన వాక్యంలో కర్తను నిలబెట్టాలి.

మరునాడు తరగతికి వెళ్లి నల్లబల్ల మీద ముందురోజు జవాబు తుడిపేశాను. ‘నిజాము వదులుకున్నాడు. కంపెనీ తీసుకుంది. ఇక్కడి మనుషులను ఎవరూ అడగలేదు. అడగకపోయినా వాళ్లు తిరగబడ్డారు. తర్వాత తమ పేరు తామే పెట్టుకున్నారు’ అని అయిదు చిన్న వాక్యాలు రాశాను. విత్తనం అన్న కుర్రవాడు బుద్ధిగా రాసుకున్నాడు. ఆస్తి అడిగిన అమ్మాయి మాత్రం కలం ఎత్తి, “పరీక్షలో ఇట్ల రాస్తే మార్కులేస్తారా సార్?” అంది.

నేను దిద్దే పేపరైతే వేస్తానన్నాను.